చెదలు: మందు చల్లి మరచిపోయిన కథ



మొన్న మన సంఘం ఆఫీసులో పాత చెక్క బీరువా తెరిచినప్పుడు జరిగిన సంగతి మీలో కొందరికి విదితమే. పైకి నిగనిగలాడుతున్న తలుపు గడియ తీయగానే అట్టముక్కలా చేతిలోకి వచ్చింది. లోపల మొదటి సభ్యత్వ రిజిస్టరు అట్టలు అలాగే ఉన్నాయి. రెండు అట్టల మధ్య కాగితాలకు బదులు మట్టి ఉంది. మన సంఘాన్ని స్థాపించిన పెద్దల సంతకాలు ఆ మట్టిలో కలిసిపోయాయి.

కార్యదర్శి గారు నా వంక చూసి, "మీరు ముప్ఫయ్యారేళ్ళు సర్కారు భవనాలు కట్టించారు కదండీ, ఈ చెదల సంగతేదో ప్రత్యేక సంచికకు రాసిపెట్టండి" అన్నారు. మందు పేరు ఒకటి, మోతాదు ఒకటి రాసి ఊరుకోవచ్చు. కాని నేను 1973లో ఉద్యోగంలో చేరి 2009లో పదవీ విరమణ చేసేలోగా ఎన్నో మందులు వచ్చాయి, పోయాయి. వచ్చిన ప్రతి మందూ ఇక చెదల పని సరి అన్నట్టే వచ్చింది. పోయినప్పుడు మాత్రం దాని వెంట ఏమేమి పోయాయో ఎవరూ లెక్క రాయలేదు. ఆ లెక్కలో నా వంతు కూడా కొంత ఉంది గనుక, కథ మొదటినుంచీ చెప్పుకుంటాను.

చెద చీమ కాదు

ఇంగ్లీషువాళ్ళు చాలాకాలం చెదను తెల్లచీమ అన్నారు. మనమూ పుట్ట చీమలది, కాపురం పాముది అని సామెతగా చెప్పుకుంటాం. నిజానికి ఆ పుట్ట చీమ పెట్టింది కాదు, చెద పెట్టింది. చెదకు దగ్గరి చుట్టం చీమ కాదు, బొద్దింక. 2007లో లండన్ శాస్త్రవేత్తలు జన్యు పరీక్షలు చేసి, చెదలు గుంపుగా కాపురం పెట్టిన బొద్దింకలే అని తేల్చారు.

దాని ఒళ్ళు మెత్తన. ఎండా గాలీ తగిలితే తేమ ఆరి చచ్చిపోతుంది. అందుకే నేలలోంచి గోడ మీదుగా మట్టితో సన్నని దారి కట్టుకుని, ఆ గొట్టంలోనే తిరుగుతుంది. మనం గోడ మీద చూసే మట్టిగీత చెదల రహదారి అన్నమాట. వాటి తిండి కలపలోనూ కాగితంలోనూ గుడ్డలోనూ ఉండే పీచు పదార్థం. కలపను పైపొర వదిలేసి లోపల తింటాయి గనుక, గుమ్మం కూలేదాకా మనకు తెలియదు. వాటి రాణి భూమిలో పదిలంగా ఉండి రోజుకు వేల గుడ్లు పెడుతుంది. తొలకరి వానలకు దీపాల చుట్టూ మూగే ఉసుళ్ళు ఈ చెదల్లో రెక్కలొచ్చినవే. రెక్కలు రాల్చుకుని జంట కట్టి కొత్త కాపురానికి నేలలో దూరతాయి. పల్లెల్లో వాటిని పట్టి వేయించుకుని తినేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మన భాషలో ఒక చిత్రమైన మాట ఉంది: పుట్టగొడుగు. పుట్ట పెట్టే జాతి చెదలు నమిలిన కలప మీద ఒక రకం బూజును సాగుచేసి, దానిని తింటాయి. ఆ తోటలోంచే వానాకాలంలో పుట్ట మీద గొడుగులు లేస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో ఆ జాతికి చెద, బూజు అనే రెండు అర్థాలూ కలిపి టెర్మిటోమైసెస్ అని పేరు పెట్టాడు. మన పల్లెవాళ్ళు అంతకు ఎన్నో తరాల ముందే పుట్టకూ గొడుగుకూ ముడివేసి ఒక్క మాటలో చెప్పేశారు.

పెద్దలు చేసిన ఏర్పాటు

పూర్వులు పుట్టను పగగా చూడలేదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భ జలాల గురించి ఒక అధ్యాయమే రాశాడు. ఏ చెట్టుకు ఏ దిక్కున పుట్ట ఉంటే ఎంత లోతున నీరు పడుతుందో అందులో చెప్పాడు. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గరలో పుట్ట ఉంటే దక్షిణం వైపు రెండు నిలువుల లోతున తియ్యని నీరుంటుందని ఒక లెక్క. చెదకు తేమ కావాలి కదా! వాల్మీకి పేరే వల్మీకంలోంచి, అంటే పుట్టలోంచి వచ్చింది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఆచారం సరేసరి.

అయితే పుట్టకు మొక్కినవాళ్ళు ఇంటి దూలాన్ని చెదకు వదిలెయ్యలేదు. పాత మండువా ఇళ్ళు చూడండి. టేకు స్తంభం నేలలో పాతి ఉండదు, రాతి దిమ్మ మీద నిలబడి ఉంటుంది. చెద పైకి రావాలంటే రాయి మీద మట్టిదారి కట్టాలి, కడితే కంటికి కనపడుతుంది. ఇంటికి పనికొచ్చే కలప చేవ ఉన్న కలప అనేవారు. తాటి దూలమైనా ముదురు చెట్టుదే కోసేవారు. టేకులోనైనా చేవను చెద అంతగా ముట్టదు, పైనుండే తెల్లకలపను వదలదు.

తాళపత్రాలకూ ఇదే పద్ధతి. పసుపు రాసేవారు, నూనె పట్టించేవారు, గుడ్డలో చుట్టి చెక్కల మధ్య బిగించేవారు. అన్నిటికన్నా ముఖ్యం, వాటిని అప్పుడప్పుడు బయటికి తీసేవారు. దసరాల్లో సరస్వతీ పూజనాడు పుస్తకాలు దించి, దులిపి, పీట మీద పెట్టడం మా ఇంట్లోనూ ఉండేది. పాడైన గ్రంథాన్ని కొత్త ఆకుల మీద తిరగరాసుకునేవారు. ఆ తిరగరాసే అలవాటు తప్పిన చోట గ్రంథాలు చెదల పాలయ్యాయి. 1820లలో కడపలో బ్రౌన్ దొర తెలుగు గ్రంథాల కోసం వెతికించి, పండితులకు జీతాలిచ్చి ప్రతులు రాయించకపోతే మనకు మిగిలేవి ఇంకా తక్కువ.

కాకినాడలో కన్నుమూసిన వైద్యుడు

చెదలను శాస్త్రదృష్టితో మొదట గమనించినవారిలో ఒకరికి మన గోదావరి ప్రాంతంతో సంబంధం ఉంది. ఆయన పేరు యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్. స్వీడన్ పండితుడు లినేయస్ శిష్యుడు. తమిళదేశంలోని తరంగంబాడి డేనిష్ మిషన్‌కు వైద్యుడుగా వచ్చాడు. మొక్కలతోపాటు చెదల కాపురాన్ని కూడా పరిశీలించి 1779లో జర్మన్ భాషలో ఒక వ్యాసం ప్రకటించాడు. అప్పటికే ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో జబ్బుపడి చనిపోయాడు. సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ ఆయనకు వైద్యం చేసినా లాభం లేకపోయింది. రెండేళ్ళ తేడాలో, 1781లో హెన్రీ స్మీత్‌మన్ అనే ఇంగ్లీషాయన ఆఫ్రికా పుట్టల గురించి లండన్ రాయల్ సొసైటీకి పెద్ద లేఖ రాశాడు. చెదల శాస్త్రానికి ఈ ఇద్దరి రాతలే పునాది.

చెద ఎంత దూరం పోగలదో లోకానికి తెలిసింది మాత్రం సెయింట్ హెలీనా ద్వీపంలో. 1840 ప్రాంతంలో పట్టుబడిన ఒక బానిస ఓడను అక్కడ విడగొట్టి, ఆ చెక్కలను జేమ్స్‌టౌన్ పట్నంలో పేర్చారు. ఆ చెక్కల్లో చెద ఉంది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఇళ్ళు, ఆఫీసులు, గ్రంథాలయం పుస్తకాలతో సహా పట్నంలో చాలా భాగం డొల్లయింది. తిరిగి కట్టేటప్పుడు టేకూ ఇనుమూ వాడుకోవలసి వచ్చింది. ఫ్రాన్స్‌లో లా రోషెల్ రేవుపట్నంలోనైతే ప్రభుత్వ కార్యాలయం దస్తరాలనే తినేశాయి. చెద మన ఒక్కరి శత్రువు కాదన్నమాట.

కామేశం గారి మందు

రైళ్ళు వచ్చాక చెదల సమస్య ఖజానా సమస్య అయింది. పట్టాల కింద వేసే కర్ర స్లీపర్లు నేలమీదే పడి ఉంటాయి గదా. 1838లో ఇంగ్లండులో జాన్ బెథెల్ అనే ఆయన, తారునుంచి తీసే క్రియోసోట్ నూనెను ఒత్తిడితో కలపలోకి ఎక్కించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నల్లగా వాసన కొట్టే ఆ స్లీపర్లు మనలో చాలామంది ఎరిగినవే. కాని ఆ నూనె ఇళ్ళలో వాడడానికి పనికిరాదు. నీళ్ళలో కరిగే లవణాలు వాడితే వానకు కొట్టుకుపోయేవి.

ఈ చిక్కు విప్పినవాడు శొంఠి కామేశం. ఇంటిపేరు వింటేనే ఎక్కడివారో తెలుస్తుంది. డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయంలో పనిచేస్తూ 1933లో ఆయన పాషాణం, రాగి, క్రోమియం లవణాలు మూడింటినీ కలిపి ఒక మందు తయారుచేశాడు. రాగి బూజును ఆపుతుంది, పాషాణం చెదను చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ కలప పీచుకు అంటించి వానకు పోకుండా పట్టి ఉంచుతుంది. ఆర్సెనిక్, కాపర్ సంకేతాక్షరాలు కలిపి దానికి ఆస్కు అని పేరు. అమెరికా దాకా పోయి, అక్కడి స్తంభాలకూ కంచెలకూ ఇంటి వసారాలకూ ఎక్కి, కోట్ల దుంగలను అడవిలోనే మిగిల్చింది. ఆకుపచ్చ ఛాయ తిరిగిన ఆ కలపను చూసినవారిలో దాని పుట్టుక ఒక తెలుగువాడి చేతిలో జరిగిందని తెలిసినవారు ఎందరు? మన పాఠ్యపుస్తకాల్లో కూడా ఆయన పేరు నేను చూడలేదు.

అయితే పాషాణం పాషాణమే. పిల్లలాడుకునే బల్లలనుంచి అది కొద్దికొద్దిగా విడుదలవుతోందని తేలి, 2003 చివరినుంచి అమెరికాలో ఇళ్ళకు సంబంధించిన కలపకు ఆ మందు ఎక్కించడం తయారీదారులే మానుకున్నారు. కామేశం గారి తప్పు ఇందులో లేదు. ఆయన కాలానికి ఆయన చేసింది గొప్ప పని. మందుకు ఆయుర్దాయం ఉంటుందని చెప్పడానికే ఈ మాట రాశాను.

గమాక్సిన్, ఆల్డ్రిన్

మన తరం ఎరిగిన మొదటి చెదల మందు గమాక్సిన్ పొడి. అసలు పేరు బి.హెచ్.సి. దానిని 1825లోనే మైకేల్ ఫారడే తయారుచేసినా, పురుగులను చంపుతుందని 1940ల దాకా ఎవరూ గుర్తించలేదు. ఆ తరవాత ఇంటింటా డబ్బా ఉండేది. మంచం కింద, ధాన్యం గాదె చుట్టూ, బీరువా వెనక, ఎక్కడ పడితే అక్కడ గుప్పిళ్ళతో చల్లాం. ఆ చేతులతోనే అన్నం తిన్న రోజులున్నాయి.

ఆ పైన వచ్చినవి ఆల్డ్రిన్, డీల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్. 1950లో నోబెల్ బహుమతి అందుకున్న డీల్స్, ఆల్డర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తల పేర్లే మొదటి రెండింటికీ పెట్టారు. వీటి గొప్ప ఏమిటంటే మట్టిలో పోస్తే ఏళ్ళ తరబడి చావవు. 1971లో భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 6313 అనే నియమావళి తెచ్చింది. పునాది గోతుల్లోనూ, గచ్చు కింద మట్టి మీదా, గోడ పక్కనా మందునీళ్ళు పోసి, భవనం చుట్టూ విషపు కట్ట కట్టాలని దాని సారం. ఆల్డ్రిన్ అయితే నూటికి అరపాలు, చదరపు మీటరుకు 5 లీటర్లు. ఈ అంకెలు నాకు కంఠతా వచ్చు. నేను సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో పై అధికారి మొదట అడిగిన ప్రశ్నలు ఇవే.

గోదావరి జిల్లాలో ఒక ఊళ్ళో క్వార్టర్లు కట్టిస్తున్నాం. వేసవి. పునాదుల్లో మందు పోయించాలి. కొలతలు నేనే దగ్గరుండి చూశాను, కొలత పుస్తకంలో రాశాను. మందు కలిపింది మాత్రం ఒక కూలి మనిషి. కర్ర దొరక్క మోచేతి దాకా చెయ్యి పెట్టి తొట్టిలో కలిపింది. తెల్లగా పాలలాగా కలిసింది. నేను, "బాగా కలుపమ్మా, అడుగున పేరుకోకూడదు" అన్నాను. పని అయ్యాక ఆమె ఖాళీ డబ్బా పట్టుకొచ్చి అడిగింది: "బాబుగారూ, ఈ డబ్బా నేను పట్టుకెళ్ళనాండీ? బియ్యం పోసుకోడానికి బాగుంటాదండి." గట్టి డబ్బా, మూత కూడా బిగువైనది. "కడుక్కుని వాడుకో" అన్నాను. ఉదారంగా ఇచ్చాననే అనుకున్నాను.

ఆల్డ్రిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుందనీ, లోపల డీల్డ్రిన్‌గా మారి కొవ్వులో నిలవ ఉంటుందనీ నాకు అప్పుడు తెలియదు. కాని రేచల్ కార్సన్ రాసిన సైలెంట్ స్ప్రింగ్ 1962లోనే వచ్చింది. ఆ మందుల పేర్లు అందులో ఉన్నాయి. మాకు అందిన సర్క్యులర్లలో మోతాదు ఉంది గాని, చేతికి తొడుగు అనే మాట ఉన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. ఉన్నా నేను చదవలేదు. ఏది నిజమైనా ఆ మనిషికి ఒరిగేదేమీ లేదు. ఆ క్వార్టర్లు పూర్తయ్యాక ఆ ఊరికి నేను మళ్ళీ వెళ్ళలేదు. ఆ డబ్బాలో బియ్యం ఎన్నాళ్ళు పోసుకుందో, ఎందరు తిన్నారో నాకు తెలియదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను పెట్టిన సంతకాలలో కొన్ని గుర్తులేవు. సంతకం అక్కరలేని ఆ ఒక్క మాట మాత్రం మరుపు రాదు.

మస్టరు రోళ్ళు

ఇక రెండో సంగతి. ఇది మన పెన్షనర్లందరికీ తగిలేది.

1980ల చివరలో నేనొక సబ్‌డివిజన్ ఆఫీసులో ఉండేవాణ్ణి. ఏ ఊరన్నది అప్రస్తుతం. రికార్డుగది పడమటి గోడకు పక్కనే కుళాయి తొట్టి ఉండేది. గోడ ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. రాత్రి కాపలా వాచ్‌మన్, ఎన్.ఎమ్.ఆర్. మీద రోజుకూలికి పనిచేసేవాడు, ఒకరోజు వచ్చి "అయ్యగారూ, బీరువా ఎనక మట్టిగీత లేసిందండి" అన్నాడు. నేను ఫైలులోంచి తలెత్తకుండా "గమాక్సిన్ చల్లించు" అన్నాను. చల్లాడు. నేను మరచిపోయాను. బీరువా జరిపించి చూడలేదు, తొట్టి కారుడు ఆపించలేదు. పొడి గచ్చు మీద తెల్లగా ఉంది. చెద గోడ లోపలినుంచి పోయింది.

1994లో ప్రభుత్వం 212 నంబరు జీవో ఇచ్చింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు ఎడతెగకుండా పనిచేసిన దినకూలీలను క్రమబద్ధం చేసే అవకాశం అందులో ఉందని మీకు తెలుసు. ఎంతమంది బతుకులు ఆ జీవోతో ఒడ్డున పడ్డాయో కూడా తెలుసు. ఈ వాచ్‌మన్‌కు సర్వీసు ఉంది, రుజువు కావాలి. రుజువంటే మస్టరు రోళ్ళు. అప్పటికి నేను వేరే చోట ఉన్నాను. నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఇద్దరం వెళ్ళి ఆ బీరువా తెరిపించాం. కట్ట మీద తాడు ఉంది, చీటీ ఉంది. కట్ట లేదు. చేత్తో ఎత్తితే దుమ్ముగా రాలింది. ట్రెజరీకి వెళ్ళిన బిల్లుల ద్వారా కొన్ని నెలలు చూపగలిగాం గాని, వరసగా అయిదేళ్ళు నిలవలేదు. అతను రోజుకూలీగానే పనిచేసి, రోజుకూలీగానే పోయాడు. పెన్షన్ లేదు. కుటుంబ పెన్షన్ అంతకన్నా లేదు.

చెద తిన్నదని నివేదికలో రాశాం. నేను చూడలేదని ఎవరూ రాయలేదు. ఆ పని ఈ వ్యాసంలో చేస్తున్నాను.

ఒక్కొక్కటే పోయాయి

తరవాతి కథ త్వరగా చెప్పవచ్చు. మన దేశంలో ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్‌లను 1996లోనూ, మన గమాక్సిన్‌ను 1997లోనూ నిషేధించారు. డీల్డ్రిన్ 2003లో పోయింది. ఏళ్ళ తరబడి చావకపోవడమే వాటి గొప్ప అన్నాను కదా, అదే వాటి నేరమైంది. మట్టిలో చావనిది బావినీటిలోనూ పాలలోనూ తల్లిపాలలోనూ కూడా చావదు. 2001లో స్టాక్‌హోంలో ప్రపంచ దేశాలు ఇటువంటి మొండి విషాలను వదిలించుకునే ఒప్పందం చేసుకున్నాయి. భారతదేశం 2006లో దాన్ని ఆమోదించింది.

వాటి స్థానంలో క్లోర్‌పైరిఫాస్ వచ్చింది. 2001లో సవరించిన ఐ.ఎస్. 6313లో నూటికి ఒకపాలు చొప్పున వాడమన్నారు. నా సర్వీసు చివరి ఏళ్ళన్నీ దానితోనే గడిచాయి. అప్పటికే, 2000లో, అమెరికాలో దానిని ఇళ్ళ వాడకంనుంచి తప్పించే ఒప్పందం జరిగింది. పిల్లల మెదడు ఎదుగుదలకు చెరుపు చేస్తుందన్నది అభియోగం. 2025లో అది కూడా స్టాక్‌హోం ఒప్పందం జాబితాకు, కొన్ని మినహాయింపులతో, ఎక్కింది. తరవాత వచ్చిన ఇమిడాక్లోప్రిడ్ వాసన లేనిది. చెదకు దాని జాడ తెలియక అందులోంచే నడిచి, తోటి చెదలకు కూడా అంటిస్తుంది. 1995నుంచి అమెరికాలో ఇంకో పద్ధతి వచ్చింది. నేలంతా విషం పోయకుండా, చెద పొలుసు విడవకుండా ఆపే మందును కొద్దిగా ఎరలో పెట్టి పుట్టకే చేరేటట్టు చేయడం. వీటికి ఎంత ఆయుర్దాయమో కాలమే చెప్పాలి.

ఈ వరసంతా ఒకచోట పెట్టి చూస్తే నాకొక్కటే కనిపిస్తుంది. రాతి దిమ్మ మీద స్తంభం నిలబెట్టినవాడు చెదను చంపలేదు, దానిని కంటికి కనపడేటట్టు చేశాడు. తరవాత చూడవలసిన పని ఇంటివాళ్ళది. మనం మందు కొని, చూసే పని మందుకు అప్పగించాం. ప్రతి మందూ చెదను కొంతకాలం ఆపింది. దానితోపాటు మన కన్ను కూడా మూసుకుపోయింది. నా వాచ్‌మన్‌ను ముంచింది చెద ఒక్కటే కాదు, చల్లాం కదా అన్న ధీమా.

ఈ ఆదివారం చేయవలసిన పని

మిత్రులు తప్పక అడుగుతారు గనుక నా అనుభవంలో నిలబడ్డ నాలుగు మాటలు:

ఒకటి, తేమ. కారే కుళాయి, పగిలిన పైపు, గోడను ఆనుకున్న పూలకుండీ, బాత్‌రూం గోడ వెనక బీరువా — చెద సగం ఇక్కడినుంచే వస్తుంది. ముందు ప్లంబరును పిలవండి, తరవాత మందువాణ్ణి.

రెండు, ఎడం. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి. అట్టపెట్టెల్లో కాగితాలు పెట్టి నేల మీద ఉంచకండి. వంటచెరుకు, పాత తలుపులు, సెంట్రింగ్ చెక్కలు ఇంటి గోడకు చేరవేయకండి.

మూడు, చూపు. నెలకొకసారి టార్చిలైటు పట్టుకుని గుమ్మాల అడుగు, మెట్ల కింద, అటక మీద చూడండి. చెక్కను వేలితో తట్టండి, డొల్ల చప్పుడు తెలిసిపోతుంది. మట్టిగీత కనపడితే ఒకచోట కొంచెం గీకి వదలండి. రెండు మూడు రోజుల్లో మళ్ళీ పూడిస్తే లోపల చెద బతికే ఉందన్నమాట. కనపడిన గీత తుడిచేసి సంతోషపడితే లాభం లేదు, రాణి నేలలో ఉంది.

నాలుగు, మందు. కట్టిన ఇంటికైతే గోడా గచ్చూ కలిసేచోట అడుగుకొక రంధ్రం చొప్పున వేసి మందు పోస్తారు. ఇది లైసెన్సు ఉన్నవాళ్ళు చేయవలసిన పని. ఏ మందు, ఎంత పాళ్ళలో అని అడిగి రాయించుకోండి. ఇంట్లో బావి గాని బోరు గాని ఉంటే ముందే చెప్పండి. మనవలను ఆ రెండు రోజులు వేరే చోట ఉంచండి. మందు కలిపే పిల్లవాడి చేతికి తొడుగులు ఉన్నాయో లేదో మీరే చూడండి. లేకపోతే పని ఆపించండి. ఖాళీ డబ్బా ఎవరికీ ఇవ్వకండి, బొక్క పెట్టి వాళ్ళచేతనే పట్టుకుపొమ్మనండి.

ఇక కాగితాల సంగతి. 2011లో ఉత్తరప్రదేశ్‌లో ఒక బ్యాంకులో కోటి రూపాయల దాకా నోట్లు చెదల పాలయ్యాయి. 2021లో మన కృష్ణా జిల్లాలో ఒక చిరువ్యాపారి ఇల్లు కట్టుకోడానికి ట్రంకుపెట్టెలో దాచుకున్న లక్షలు అలాగే పోయాయి. ఇనుప పెట్టె కదా అని ధైర్యపడకండి. అడుగున తుప్పు బొక్క ఒక్కటి చాలు. మీ పి.పి.ఓ., సర్వీసు కాగితాలు, ఇంటి దస్తావేజులు, పెళ్ళినాటి ఫొటోలు ఈ ఆదివారం బయటికి తీయండి. ఎండ తగలనివ్వండి. మనవణ్ణో మనవరాలినో కూర్చోబెట్టి సెల్‌ఫోనులో ఫొటోలు తీయించి, పిల్లలకు పంపించండి. పూర్వులు తాళపత్రాన్ని తిరగరాసుకున్నట్టే ఇది కూడా. ఏ కాగితం ఎందుకో చెప్పండి. మీ తరవాత మీ ఇంటావిడ కుటుంబ పెన్షన్ కోసం వెతుక్కోవలసిన కాగితం ఎక్కడుందో ఆమెకు ఇప్పుడే చూపించండి.

మన సంఘం బీరువాలో పోయిన సభ్యత్వ రిజిస్టరు సంగతి కూడా ఒక విన్నపం. తొలినాటి సభ్యుల పేర్లు, చేరిన సంవత్సరాలు, పాత రసీదులు మీ ఇళ్ళలో ఉంటే దయచేసి ఆఫీసుకు తెలియజేయండి. పోయినవారి కుటుంబాలవారు చెప్పినా సరే. కొత్త రిజిస్టరు నేను రాస్తున్నాను. ఇప్పటికి నలభై ఒక్క పేర్లు దొరికాయి. కొత్త బీరువా ఇనుపది. గోడకు జానెడు ఎడంగా, ఇటుకల మీద నిలబెట్టించాను. నెలకొకసారి దాని వెనక టార్చి వేసి చూసే పని కార్యదర్శి గారు నాకే అప్పగించారు. ఆ పని ఒప్పుకున్నాను.

సెలవు.